భాషా నిలయం నేర్పిన పని

తెలుగు గ్రంథాలయోద్యమ చరిత్రను మనం సాధారణంగా 1914 ఏప్రిల్ 10న బెజవాడలో మొదలుపెడతాం. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఆ రోజు అక్కడ పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య పేరు దానితో పెనవేసుకుపోయింది. అంతకు పదమూడేళ్ల ముందే, 1901 సెప్టెంబరు 1న, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసిన సంగతిని ఈ కథలో ఒక వాక్యంతో సరిపెడతారు. తెలంగాణ చరిత్రకారులు దీనికి నొచ్చుకుని, ముందు మాదేనని వాదిస్తారు. ఆ పందెంలో నిజానికి హైదరాబాదు కూడా గెలవదు. విశాఖపట్నంలో 1886లోనే గ్రంథాలయం ఉంది, కుముదవల్లిలో 1897లో వీరేశలింగ కవి సమాజం పేర మరొకటి వచ్చింది. ఎవరు ముందు అన్న ప్రశ్న మనల్ని ఎక్కడికీ తీసుకుపోదు. అడగవలసింది వేరే ఉంది. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో గ్రంథాలయం చేసిన పనీ, నిజాం రాజధానిలో ఈ భాషా నిలయం చేసిన పనీ ఒకటేనా? ఒకటి కాదని నా అభిప్రాయం. అక్కడ గ్రంథాలయం బడికీ పత్రికకూ తోడుగా వచ్చింది. ఇక్కడ తెలుగు బడి అరుదైన చోట, తెలుగు పత్రిక ఊసే అంతగా లేని చోట, నలుగురు కూడి తీర్మానం చేసుకునే అలవాటే తెలుగువాళ్లలో పాదుకోని చోట వచ్చింది. అందుకే పుస్తకాలు చదివించడం దాని పనుల్లో ఒకటి మాత్రమే అయింది. దాని ముఖ్యమైన ఫలితం, ఒక సంస్థను పెట్టి, చందాలు పోగేసి, లెక్కలు చూపి, పదేళ్ల తర్వాత కూడా నడిపించగలిగిన మనుషులు. ఆ తర్వాత నలభై ఏళ్ల తెలంగాణ ప్రజాజీవితం చాలావరకు ఆ మనుషుల చేతిపనే.

1901 నాటి పరిస్థితిని కొంచెం తీరిగ్గా చూడాలి. ఆ ఏటి జనగణన ప్రకారం హైదరాబాదు సంస్థానం జనాభా కోటీ పదకొండు లక్షల పైచిలుకు. అందులో దాదాపు సగం మంది తెలుగువాళ్లు. మిగిలినవాళ్లలో మరాఠీ, కన్నడ, ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. 1880లలో ఫారసీ స్థానంలోకి ఉర్దూ వచ్చి కచేరీల భాష, కోర్టుల భాష అయింది. పై చదువు కావాలంటే ఉర్దూ, లేదా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న నిజాం కళాశాలలో ఇంగ్లీషు. తెలుగు చదువుకున్నందువల్ల ఒక గుమాస్తా ఉద్యోగం కూడా రాదు. పల్లెల్లో వీధిబడి పంతులు చెప్పే పెద్దబాలశిక్షతోనో శతకాలతోనో తెలుగు చదువు ఆగిపోయేది. పాలనలో సామాన్య జనం ఓటేసి ఎన్నుకునే సంస్థ ఒక్కటీ లేదు. సంస్థానంలో పలుకుబడి అంతా దేవిడీల చుట్టూ, దర్బారు చుట్టూ తిరిగేది. దస్తూరీ ఉండేది, సిఫారసు ఉండేది. పని కావాలంటే ఒకరి గడప ఎక్కాలి. సభ్యత్వం అనే పద్ధతి మాత్రం లేదు. ఒకడు నాలుగణాలు కట్టి, కట్టిన కారణంగా అడిగే హక్కు పొందడం అనే వ్యవహారం ఇక్కడి తెలుగువాళ్లకు కొత్త.

అయితే నగరంలో మిగతావాళ్లకు అంత కొత్త కాదు. ఈ విషయాన్ని మన గ్రంథాలయ చరిత్రలు తక్కువగా పట్టించుకుంటాయి. సుల్తాన్ బజారులో 1892 నాటికే ఆర్యసమాజం ఉంది. పాతబస్తీ శాలిబండలో మరాఠీవాళ్ల భారత గుణవర్ధక సంస్థ 1895లో మొదలైంది. ప్రభుత్వం తరఫున 1891లో ఆసఫియా కుతుబ్‌ఖానా ఏర్పడింది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూ రాతప్రతులకు అది పెన్నిధి. ఇవాళ అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దాని వారసత్వమే. అంటే పుస్తకాలకోసం ఇల్లు కట్టాలన్న ఆలోచన నగరంలో గాలిలోనే ఉంది. మరాఠీవాళ్లకు పుణె దారి చూపింది, ఉర్దూ పండితులకు సర్కారు అండ ఉంది. సంఖ్యలో ఎక్కువైనా రాజధానిలో పలుకుబడి తక్కువైన తెలుగువాళ్లకు రెండూ లేవు. భాషా నిలయం స్థాపకుల్లో ముఖ్యుడైన కొమర్రాజు లక్ష్మణరావు నాగపూరులో చదువుకున్నవాడు, మరాఠీలో వ్యాసాలు రాసినవాడు. మహారాష్ట్రంలో సంస్థలు నడిచే తీరు ఆయన దగ్గరగా చూశాడు. సంస్థ పెట్టడం ఎలాగో తెలిసిన పొరుగువాళ్ల నుంచి తెలుగువాళ్లు ఆ విద్య నేర్చుకున్నారని చెప్పుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

స్థాపకుల జాబితా చూస్తే ఒక సరిహద్దు కథ కనబడుతుంది. మొదటి సమావేశం రావిచెట్టు రంగారావు ఇంట్లో జరిగింది. పాల్వంచ సంస్థానాధీశుడు రాజా పార్థసారథి అప్పారావు అధ్యక్షుడు. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, ఆయన దివాను కొమర్రాజు, అప్పట్లో సికింద్రాబాదు మహబూబ్ కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వెంకటరత్నం నాయుడు, ఆదిపూడి సోమనాథరావు, మైలవరపు నరసింహశాస్త్రి ఇందులో పాలుపంచుకున్నారు. వీళ్లలో మునగాల విచిత్రమైనది. చుట్టూ నిజాం భూమి, మధ్యలో కృష్ణా జిల్లాకు చెందిన బ్రిటిష్ పరగణా. స్వాతంత్ర్యం వచ్చి పన్నెండేళ్లు గడిచాక, 1959లో గాని అది నల్లగొండ జిల్లాలో కలవలేదు. మునగాల వాళ్లకు రెండు ప్రభుత్వాల కింద జనం ఎలా బతుకుతున్నారో పొలం గట్టు మీద నిలబడితేనే తెలిసేది. అటు మునిసిపాలిటీలు, పత్రికలు, సభలు. ఇటు అవేవీ లేవు. తేడా ఎక్కడుందో వాళ్లకు ఎవరూ పుస్తకం తెచ్చి చూపనక్కర్లేదు.

పెట్టిన పేరులో కూడా ముందుచూపు ఉంది. గోలకొండ ఏలిన నగరంలో విజయనగర చక్రవర్తి పేరు పెట్టడం సవాలు కాదా అని కొందరంటారు. మరి 1904లో హనుమకొండలో మొదలైన రెండో భాషా నిలయం సంగతి చూడండి. కాకతీయుల సొంత ఊళ్లో, వేయిస్తంభాల గుడి పక్కన, గణపతిదేవుడి పేరు పెట్టలేదు, రుద్రమ పేరు పెట్టలేదు. నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజమహేంద్రవరం రాజు రాజరాజ నరేంద్రుడి పేరు పెట్టారు. రెండు చోట్లా ఎంచుకున్నది కవుల్ని పోషించిన రాజుని. దండయాత్రలు చేసినందుకు కాదు, స్థానికంగా ఏలి గుర్తుండిపోయినందుకు కూడా కాదు. వీళ్లు భాషకోసం కూడుతున్నారే గాని గద్దెకోసం కాదని చూసేవాళ్లకు ఆ పేర్లే చెప్పేవి. అది వట్టి భయంవల్ల పెట్టిన ముసుగు అనుకోను. ఆ రోజుల్లో వాళ్ల ఉద్దేశం నిజంగానే అంతవరకే ఉండవచ్చు. ఉద్దేశం ఎంతవరకని ఒక సంస్థ ఫలితాలను కొలవలేం గదా.

సంస్థను పెట్టడం ఒక సాయంత్రం పని. నిలబెట్టడంలోనే అసలు చరిత్ర ఉంది. సొంత కట్టడం రావడానికి భాషా నిలయానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరాన్ని అతలాకుతలం చేసింది. 1910లో రావిచెట్టు రంగారావు ముప్ఫై మూడేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. ఒక దాత ఇంటిని, ఉత్సాహాన్ని నమ్ముకుని మొదలైన సంస్థలు ఇలాంటి దెబ్బతో మూతపడటమే లోకరివాజు. ఇది మూతపడలేదు. రంగారావు భార్య లక్ష్మీనరసమ్మ భర్త జ్ఞాపకార్థం 3,000 రూపాయలిచ్చింది. కట్టడానికి అది పునాది అయింది. సుల్తాన్ బజారులో కట్టడం పూర్తయ్యాక 1921లో కట్టమంచి రామలింగారెడ్డి దాన్ని ప్రారంభించాడు. భాషా నిలయం గురించి రాసిన ప్రతిచోటా స్థాపకుల పేర్లు వరసగా వస్తాయి, లక్ష్మీనరసమ్మ పేరు విరాళం పక్కన ఒక్కసారి వచ్చి మాయమైపోతుంది. ఆ రోజుల్లో ఒక వితంతువు తన సొమ్మును పదిమంది మగవాళ్లు నడిపే సంఘం చేతిలో పెట్టడమంటే, ఆ సంఘం లెక్కల మీద ఆమెకున్న నమ్మకం ఎంతటిదో ఊహించవచ్చు. గుడికో సత్రానికో ఇవ్వడం ఆచారం, పుణ్యం. గ్రంథాలయానికి ఇవ్వడంలో ఆ రెండూ లేవు. నా లెక్కలో భాషా నిలయం చరిత్రలో అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆ విరాళం. కేవలం స్నేహితుల కూడలిగా ఉన్న దాన్ని తొమ్మిదేళ్లలో జనం ఒక సంస్థగా గుర్తించారని అది చెబుతుంది.

ఆ తొమ్మిదేళ్లలోనే మిగతా కొమ్మలు వేశాయి. హనుమకొండ తర్వాత 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చింది. 1906లో హైదరాబాదులో కొమర్రాజు, రావిచెట్టు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు కలిసి విజ్ఞాన చంద్రికా మండలిని ఏర్పాటు చేశారు. ఈ మండలి గురించి మన సాహిత్య చరిత్రలు చాలా రాశాయి. అబ్రహాం లింకన్ చరిత్ర, చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రము వంటి పుస్తకాలు తెలుగు వచనానికి కొత్త దారులు వేశాయన్నది నిజం. అయితే ఆ పుస్తకాలు అచ్చు కావడానికి డబ్బు ఎక్కణ్నించి వచ్చింది? జమీందారు ఒకడు కృతి పుచ్చుకుని అచ్చు ఖర్చు భరించడం అప్పటిదాకా ఉన్న పద్ధతి. మండలి దాన్ని తిప్పేసింది. పుస్తకం రాకముందే చందా కట్టి, వచ్చే సంపుటాలన్నీ కొంటామని ముందుకొచ్చే పాఠకుల్ని పోగుచేసింది. కృతిభర్త స్థానంలోకి చందాదారుడు వచ్చాడు. ఈ మార్పుకు ముందు ఒక గ్రంథాలయంలో నెలనెలా చందా వసూలు చేసి, బాకీలు రాసి, పుస్తకాలు తెప్పించి, ఎవరికి ఏది కావాలో గమనించిన అనుభవం ఉంది. మండలి తర్వాత మద్రాసుకు తరలిపోయినా ఆ పద్ధతి పుట్టింది హైదరాబాదులోనే.

నా వాదానికి అన్నిటికంటే స్పష్టమైన పరీక్ష 1921 నవంబరులో ఎదురైంది. వివేకవర్ధినీ థియేటరులో నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభ జరుగుతోంది, మహర్షి కార్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసాలు సాగాయి. న్యాయవాది అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ గోల చేసి ఆయన్ని కూర్చోబెట్టింది. ఆ అవమానం తెలంగాణలో అందరికీ తెలిసిన కథే. నేను చూడమనేది అవమానాన్ని కాదు, దాని తర్వాత గడిచిన కొన్ని గంటల్ని. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట్లో గుప్పెడుమంది తెలుగువాళ్లు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టారు. మాడపాటి హనుమంతరావు, ఆదిరాజు వీరభద్రరావు, బూర్గుల రామకృష్ణారావు, మందుముల నరసింగరావు వంటివారు దానికి ఆద్యులు. కోపం వచ్చిన రాత్రి సంఘం పుట్టడం వింత కాదు, మర్నాడు పొద్దున్న అది చల్లారకపోవడం వింత. రెండేళ్లలో ఆ సంఘం జిల్లాల సంఘాలను కలుపుకుని కేంద్ర సంఘమైంది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభగా ఎదిగింది. నాయకత్వం చూస్తే, మాడపాటి హనుమకొండలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే అక్కడి భాషా నిలయం పనుల్లో తలమునకలైనవాడు. ఆదిరాజు చిన్ననాట రావిచెట్టు రంగారావు ఇంటి ఆశ్రయంలో పెరిగి చదువుకున్నవాడు. వీళ్లకు సంఘం పెట్టడం ఆ రాత్రి తట్టిన ఉపాయం కాదు, ఏళ్ల తరబడి చేస్తున్న పని. సంఘం పెట్టుకున్న ఆశయాల్లో కూడా గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు స్థాపించడం ముందు వరసలో ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. వీళ్లలో చాలామంది వకీళ్లు. కోర్టుల్లో దరఖాస్తు రాయడం, పద్ధతి పాటించడం, ఎదుటివాడి వాదం వినడం వాళ్లకు వృత్తిరీత్యా వచ్చిందే, దానికి గ్రంథాలయం దేనికని అడగవచ్చు. కొంతవరకు ఒప్పుకోవాలి. కాని వకీలుకు తెలిసింది కక్షిదారు కోసం వాదించడం. ఫీజు ఇవ్వని జనం కోసం, తన తర్వాత కూడా నడిచే పని చెయ్యడం వేరే విద్య. మాడపాటి రాసిన చిన్న పుస్తకాలను చూస్తే రెండూ ఎక్కడ కలిశాయో తెలుస్తుంది. వెట్టి చాకిరి గురించి, వర్తక స్వాతంత్ర్యం గురించి సంఘం తరఫున ఆయన కరపత్రాల వంటి పుస్తకాలు వేశాడు. వెట్టి చేయించవద్దంటూ సర్కారే జారీ చేసిన ఆజ్ఞలు ఉర్దూలో, కచేరీ దస్త్రాల్లో పడి ఉండేవి. దేశ్‌ముఖుకు, పోలీసు పటేలుకు అవి తెలిసినా తెలియనట్టుండేవారు, వెట్టి చేసే చాకలికి, కుమ్మరికి వాటి సంగతి తెలిసే దారే లేదు. ఆ ఆజ్ఞలను తెలుగులోకి తెచ్చి ఊరూరా పంచడమే మాడపాటి చేసింది. సర్కారు మాటను సర్కారుకే చూపించి అడగడం. చదవనిచ్చే చోటు, చదివి వినిపించే మనిషి ఊళ్లో లేకపోతే ఆ పుస్తకాలు పనిచేసేవి కావు. అందుకే ఊరి గ్రంథాలయం, పఠన మందిరం ఆ ఉద్యమానికి అలంకారం కాలేదు, కాళ్లయ్యాయి.

రెండో అభ్యంతరం చోటుకు సంబంధించింది. భాషా నిలయం ఉన్న సుల్తాన్ బజారు ప్రాంతాన్ని అప్పట్లో రెసిడెన్సీ బజార్లు అనేవారు. అక్కడ అధికారం నిజాముది కాదు, బ్రిటిష్ రెసిడెంటుది. 1933లో గాని ఆ బజార్లు నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కలేదు. సంస్థానంలో సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కూడా వచ్చింది. అలాంటప్పుడు ఈ గ్రంథాలయం బతికింది తెలుగువాళ్ల నేర్పువల్ల కాదు, తెల్లదొర నీడన ఉన్నందువల్ల అని వాదించవచ్చు. వివేకవర్ధిని కూడా ఆ చుట్టుపక్కలే రావడం, ఆర్యసమాజం కూడా అక్కడే ఉండటం ఈ వాదాన్ని బలపరుస్తాయి. ఆ నీడ పనికొచ్చిందనడంలో నాకు సందేహం లేదు. కాని అది మొదలుపెట్టడానికి పనికొచ్చింది. హనుమకొండలో రెసిడెన్సీ లేదు. నల్లగొండలో 1918లో ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం పెట్టినప్పుడు, 1925లో మధిరలో, 1928లో సూర్యాపేటలో గ్రంథాలయ సభలు జరిపినప్పుడు అవన్నీ అచ్చంగా నిజాం నేల మీదే. అనుమతి కోసం పడిగాపులు కాస్తూనే, తాలూకాదారు కచేరీ చుట్టూ తిరుగుతూనే ఆ సభలు జరిపారు. అంటే ఈ పద్ధతి ఇంగ్లీషువాళ్ల గొడుగు కింద మాత్రమే నిలిచే మొక్క కాదని తేలుతుంది.

నిజాం ప్రభుత్వానికి న్యాయం చేస్తూ మరో మాట కూడా చెప్పాలి. అది పుస్తకాలకు శత్రువు కాదు. ఆసఫియా గ్రంథాలయానికి అఫ్జల్‌గంజ్‌లో 1932లో శంకుస్థాపన చేసి లక్షలు పోసి కట్టిన భవనం అందుకు నిదర్శనం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఒక దేశభాషలో పై చదువులు చెప్పడానికి సాహసించింది. ఆ భాష ఉర్దూ కావడం తెలుగువాళ్ల సమస్య అయినా, దేశభాషలో వైద్యమూ ఇంజనీరింగూ చెప్పవచ్చని చూపిన ఘనత దానిదే. సర్కారు భయపడింది జనం చదవడానికి కాదు, చదివినవాళ్లు ఒకచోట కూడి కార్యవర్గం ఎన్నుకోవడానికి. అందుకే గస్తీ నిషాన్ సభను పట్టుకుంది. భాషా నిలయం అసలు విలువ ఎక్కడుందో దాన్ని అనుమానించినవాళ్లకే ముందు తెలిసిందని నాకనిపిస్తుంది.

మూడో అభ్యంతరం అన్నిటికంటే బరువైనది. దీన్ని ప్రజలు స్థాపించిన గ్రంథాలయం అనవచ్చునా? రాజాలు, దివాన్లు, భూస్వాములు, వకీళ్లు, అందులోనూ పై కులాలవాళ్లే. వెట్టి చేసే మనిషి ఆ గడప తొక్కాడా? ఈ ప్రశ్నకు భాషా నిలయం తరఫున సమాధానం తెలివిగా చెప్పాలని ప్రయత్నించడం కంటే ఉన్నదున్నట్టు చెప్పడం మేలు. అది చదువుకున్నవాళ్ల సంస్థ, చదువు ఆ రోజుల్లో ఎవరి సొత్తో అందరికీ తెలుసు. అదే నగరంలో అదే సంవత్సరాల్లో భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, దాన్ని 1911లో మాన్య సంఘంగా మార్చి, దళితవాడల్లో బడులు నడిపాడు. ఆ పనికి రాజాల అండ తక్కువ, శ్రమ ఎక్కువ. భాషా నిలయం చరిత్రనూ మాన్య సంఘం చరిత్రనూ రెండు వేర్వేరు పుస్తకాల్లో రాస్తూ రావడం మన చరిత్ర రచనలో ఉన్న లోటు. రెండూ ఒకే కాలంలో, కొన్ని మైళ్ల దూరంలో, చందా పుస్తకమూ సభ్యత్వమూ అనే ఒకే సాధనంతో పనిచేశాయి. ఆ సాధనం మాత్రం ఒక కులానికి కట్టుబడి ఉండలేదు. వట్టికోట ఆళ్వారుస్వామి ఇళ్లల్లో వంట చేస్తూ, హోటల్లో పని చేస్తూ అక్షరాలు నేర్చుకున్న మనిషి. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు అచ్చువేసి, తానే మోసుకెళ్లి అమ్మాడు. విజ్ఞాన చంద్రికా మండలిలో మునగాల రాజా సాయంతో నడిచిన పద్ధతిని, రాజా లేకుండా నడపవచ్చని ఆయన చూపాడు. పెద్దింటివాళ్లు పెట్టిన సంస్థ పెద్దింటి గడపలోనే ఆగిపోవాలని నియమం లేదు. ఆగిపోయిన సందర్భాలు మన దగ్గర బోలెడు. ఇది ఆగలేదు.

తెలంగాణ రాష్ట్రం గురించి గొడవలు జరిగిన దశాబ్దాల్లో మరో అభ్యంతరం పుట్టింది. కొమర్రాజుది పెనుగంచిప్రోలు, రఘుపతిది బందరు, మాడపాటి పుట్టింది నందిగామ వైపు. కనక ఇది తీరాంధ్రవాళ్లు తెచ్చిపెట్టిందని ఒకరు, అందుకే విశాలాంధ్రకు తొలి ఇటుక అని మరొకరు. రెండు వాదాలూ ఇప్పటి పటాన్ని 1901 మీద పరిచి చూస్తున్నాయి. మాడపాటి పుట్టిన ఊరు ఒకటి, పెరిగింది సూర్యాపేటలో. మధిర ప్రాంతానికీ నందిగామకూ మధ్య పెళ్లిసంబంధాలు, సంతలు, బంధువుల రాకపోకలు ఎన్నడూ ఆగలేదు. సరిహద్దు మనుషులు రెండు వైపులా ఉన్న మంచిని చూసి అందుకున్నారంతే. ఆ సంస్థ నేర్పిన విద్య తర్వాత ఏం చేసిందో చూస్తే అది ఎవరిదో తేలుతుంది. కొమర్రాజు 1923లో కన్నుమూశాక ఆయన పేర హైదరాబాదులో నడిచిన లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణ ఊళ్లలో తిరిగి శాసనాలు వెతికి, నకళ్లు తీసి, 1935లో తెలంగాణా శాసనములు అచ్చువేసింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో సురవరం వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులున్నారు. కోపంతో వ్యాసం రాసి ఊరుకోకుండా, ఊరూరికీ ఉత్తరాలు రాసి, వచ్చిన పద్యాలను వరసబెట్టి, పేర్లు సరిచూసి సంపుటంగా తేవడం మళ్లీ అదే విద్య.

పోలీసు చర్యతో నిజాం పాలన ముగిశాక పని స్వభావం మారింది. తెలుగు కచేరీలోకి, బడిలోకి వచ్చింది. 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు పరీక్షలు పెట్టి తెలుగు చదువును వేలమందికి చేర్చే పని అప్పటికే తలకెత్తుకుంది. 1955లో హైదరాబాదు రాష్ట్రం గ్రంథాలయ చట్టం తెచ్చింది. 1960లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి ఒకే చట్టం వచ్చింది. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థల ద్వారా శాఖా గ్రంథాలయాలు నడిపే ఏర్పాటు ఇప్పటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో నడుస్తోంది. దీన్ని నష్టంగా చెప్పలేం. చందాల మీద బతికిన గ్రంథాలయాల్లో ఎక్కువ భాగం దాత పోగానే, లేదా ఉత్సాహం ఉన్న కార్యదర్శికి బదిలీ కాగానే మూతపడ్డాయి. భాషా నిలయంలా నూరేళ్లు దాటినవి, వేటపాలెం సారస్వత నికేతనంలా పరిశోధకులకు తీర్థమైనవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. పన్ను డబ్బు లేకపోతే మారుమూల మండలంలో దినపత్రిక చదివే బల్ల కూడా ఉండేది కాదు. స్థానిక సంస్థలు సెస్సును సకాలంలో బదలాయించవన్న ఫిర్యాదు దశాబ్దాలుగా ఉన్నదే అయినా, ఆ ఏర్పాటును తప్పుపట్టడానికి అది చాలదు.

మారింది పాఠకుడి స్థానం. భాషా నిలయంలో చందా కట్టినవాడు కార్యవర్గాన్ని ఎన్నుకునేవాడు, లెక్కలు అడిగేవాడు, కావాలంటే తానే కార్యదర్శి అయ్యేవాడు. ఆదిరాజు అలాగే తయారయ్యాడు, మాడపాటీ అలాగే తయారయ్యాడు. సెస్సు కట్టేవాళ్లు ఇవాళ లక్షల్లో ఉన్నారు, తాము కడుతున్నామన్న సంగతే వాళ్లలో చాలామందికి తెలియదు. జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుణ్ని ప్రభుత్వం నియమిస్తుంది. ప్రభుత్వం మారితే అధ్యక్షుడు మారతాడు. తన ఊరి శాఖా గ్రంథాలయంలో ఏ పుస్తకాలు కొనాలో చెప్పే హక్కు పాఠకుడికి చట్టంలో ఎక్కడా లేదు. గ్రంథాలయాల గురించి ఇప్పుడు జరిగే చర్చంతా భవనాలు, కంప్యూటర్లు, పోటీ పరీక్షల పుస్తకాల చుట్టూ తిరుగుతోంది. సభ్యుల సాధారణ సమావేశం ఏడాదికొకసారి పెట్టి, జమా ఖర్చులు చదివి వినిపించి, వచ్చే ఏటి పుస్తకాల జాబితాను వాళ్ల ముందు పెట్టాలన్న సవరణ మాత్రం ఇప్పటికీ ఎవరి చర్చలోకీ రాలేదు. 1901లో భాషా నిలయంవాళ్లు ఏ చట్టమూ చెప్పకుండానే మొదలుపెట్టిన పని అది.